చంద్రోదయం ఎప్పుడు? తిథి చూస్తే తెలిసిపోతుంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చందమామ గురించి అడిగినవే ఎక్కువ. అందుకే శీర్షిక మొత్తం ఆ ప్రశ్నలకే కేటాయించాను. టైమ్‌లు చెప్పాల్సిన చోట నల్లగొండ పట్టణాన్నే తీసుకున్నాను. మహబూబ్‌నగర్ వాళ్లు దానికి ఒక ఐదు నిమిషాలు కలుపుకోండి, మీరు కొంచెం పడమరకు ఉన్నారు కాబట్టి చంద్రుడు మీకు ఆ మేరకు ఆలస్యంగా వస్తాడు.

ప్రశ్న: 2025 కార్తీక బహుళ చవితినాడు (నవంబరు 8) సంకటహర చతుర్థి ఉపవాసం ఉన్నాను. ఫోన్‌లో చంద్రోదయం ఎనిమిది గంటలకని చూపించింది. డాబా మీద నిలబడితే దాదాపు తొమ్మిదింటికి గానీ కనిపించలేదు. మబ్బు కూడా లేదు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు, ఒకటే టెన్షన్. ఏ టైమ్ నమ్మాలి?
— ఒక పాఠకురాలు, రామగిరి, నల్లగొండ

ఆ ఎనిమిది గంటలు నల్లగొండ టైమ్ కాదమ్మా, ఢిల్లీ టైమ్. చాలా ఫోన్లలో ఊరు మార్చకపోతే ఢిల్లీ లెక్కే చూపిస్తుంది. ఆ రోజు నల్లగొండలో చంద్రోదయం సుమారు ఎనిమిదీ ఇరవైకి. ఢిల్లీ మనకంటే రెండు డిగ్రీలు పడమరకు ఉంది కదా, అక్కడే ఆలస్యం కావాలి కదా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆ రాత్రి చంద్రుడు ఆకాశంలో బాగా ఉత్తరానికి జరిగి ఉన్నాడు, అలాంటప్పుడు ఉత్తరాన ఉన్న ఊళ్లకు ముందుగా ఉదయిస్తాడు. అందుకని ఢిల్లీ వాళ్లకు ఇరవై నిమిషాలు ముందే కనిపించాడు. చంద్రుడు దక్షిణానికి జరిగిన రోజుల్లో ఇదే లెక్క తిరగబడుతుంది, మనకే ముందు, వాళ్లకు ఆలస్యం. కాబట్టి ఢిల్లీ టైమ్‌కి ఇంత కలపాలి, ఇంత తీసేయాలి అని ఒక సూత్రం పెట్టుకోవడం కుదరదు, ఫోన్‌లో ఊరు మార్చుకోవడమే మార్గం. విజయవాడకు లెక్కకట్టిన పంచాంగమైతే అంత పేచీ లేదు, నల్లగొండకు ఐదారు నిమిషాలు, మహబూబ్‌నగర్‌కు పది పదకొండు నిమిషాలు కలిపితే సరిపోతుంది.

మరి ఎనిమిదీ ఇరవైకి రావాల్సినవాడు తొమ్మిదింటి దాకా ఎందుకు కనపడలేదు? పంచాంగంలోగానీ ఫోన్‌లోగానీ వేసే చంద్రోదయం అంటే, ఎదురుగా గుట్టలు, ఇళ్లు, చెట్లు ఏవీ లేకుండా చదునైన నేల ఉందనుకుని, చంద్రబింబం పై అంచు ఆ నేల గీత మీదికి వచ్చే క్షణం. మన పట్టణంలో అలాంటి తూర్పు ఎవరికి ఉంది? మీకు తూర్పువైపు లతీఫ్ సాహెబ్ గుట్టో, కాపురాల గుట్టో, లేదా పక్కవాళ్ల మూడంతస్తుల ఇల్లో అడ్డం ఉంటే చంద్రుడు దాని వెనక ఎక్కుతూ ఉంటాడు, మీకు కనపడడు. చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు ఆకాశంలో సుమారు పది డిగ్రీలు. అందులో సగం ఎత్తున్న అడ్డం చాలు, ఇరవై నిమిషాలకు పైగా ఆలస్యం కావడానికి.

ఇంకో సంగతి, ఇది చాలామందికి తట్టదు. ఆ రోజు చంద్రుడు నేరుగా తూర్పున రాలేదు. తూర్పు నుంచి దాదాపు ముప్పై డిగ్రీలు ఉత్తరానికి, అంటే పిడికిలి లెక్కన మూడు పిడికిళ్లు ఎడమకు, ఈశాన్యం వైపు ఉదయించాడు. సూర్యుడు వచ్చే చోటే చంద్రుడూ వస్తాడనుకుని అటే చూస్తూ నిలబడితే కళ్లు కాయలు కాస్తాయి. పూజ ఎప్పుడు ముగించాలన్నది మీ ఇంటి ఆచారం, నేను చెప్పేది కాదు. కానీ లెక్క ప్రకారం వచ్చిన టైమ్ వేరు, మీ డాబాకు వచ్చే టైమ్ వేరు అని తెలిస్తే ఆకలితో పాటు ఆందోళన కూడా పడాల్సిన పనిలేదు. బహుళ చవితి ప్రతి నెలా వస్తుంది కదా, ఒకటి రెండు నెలలు చూసి పెట్టుకుంటే మీ డాబాకు ఎంత ఆలస్యమో మీకే తెలిసిపోతుంది.

ప్రశ్న: మా ఇంట్లో క్యాలెండర్‌లో ఒక తేదీ దగ్గర చంద్రోదయం గడిలో గీత మాత్రమే ఉంది. ప్రింటింగ్ తప్పా?
— ఒక పాఠకుడు, మిర్యాలగూడ

తప్పు కాదు. చంద్రుడు రోజూ సగటున 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. బహుళ అష్టమి దగ్గరికి వచ్చేసరికి చంద్రోదయం రాత్రి పదకొండు దాటుతుంది. ఒక రాత్రి 11:20కి వచ్చాడనుకోండి, తర్వాతిసారి వచ్చేది సుమారు 12:10కి. అప్పటికి గడియారంలో తేదీ మారిపోయి, మధ్యలో ఒక తేదీ చంద్రోదయమే లేకుండా మిగిలిపోతుంది. అలాగే శుక్ల అష్టమి ప్రాంతంలో చంద్రాస్తమయం లేని తేదీ ఒకటి వస్తుంది. అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు. ఆ కాలంలో సూర్యుడు ఎన్నిసార్లు ఉదయిస్తాడో చంద్రుడు దానికి ఒకటి తక్కువసార్లు ఉదయిస్తాడు, ఆ తగ్గిన ఒకటే మీ క్యాలెండర్‌లో గీత.

ప్రశ్న: మాది అచ్చంపేట దగ్గర పల్లె. యాసంగిలో పల్లికాయ వేస్తం. అడవి పందుల బాధకు రాత్రిళ్లు మంచె మీద పండుకోవాలె. ఏ రాత్రి ఎన్నెల ఎంతసేపు ఉంటదో ముందే తెలుసుకునే ఉపాయం ఏమన్న ఉన్నదా? ఫోన్ సిగ్నల్ అక్కడ రాదు.
— ఒక రైతు

ఉందన్నా, ఫోన్ అక్కరలేదు, ఆ రోజు తిథి ఏమిటో తెలిస్తే చాలు. ఒక గడియ అంటే 24 నిమిషాలు. పాడ్యమి నుంచి లెక్కపెట్టి ఒక్కో తిథికి రెండేసి గడియలు, అంటే 48 నిమిషాలు, పొద్దుగూకే టైమ్‌కి కలుపుకుంటూ పోవాలి.

పున్నమి ముందు, శుక్లపక్షంలో పొద్దుగూకేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు. ఎప్పుడు దిగిపోతాడన్నదే లెక్క. చవితి అయితే ఎనిమిది గడియలు, అంటే పొద్దుగూకాక మూడు గంటల పైచిలుకు. అష్టమి అయితే పదహారు గడియలు, దాదాపు ఆరున్నర గంటలు. సంక్రాంతి రోజుల్లో మన దగ్గర ఆరింటి ప్రాంతంలో పొద్దుగూకుతుంది కాబట్టి అష్టమి చంద్రుడు పన్నెండున్నర దాకా ఉంటాడు, ఆ తర్వాత తెల్లారేదాకా చీకటే. పున్నమి తర్వాత, బహుళపక్షంలో అదే లెక్క చంద్రోదయానికి పనికొస్తుంది. షష్ఠి నాడు పన్నెండు గడియలు, పొద్దుగూకిన నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలకు, రాత్రి పదకొండుకు కొంచెం ముందు చంద్రుడు వస్తాడు, వచ్చాక తెల్లారేదాకా ఉంటాడు. దశమి అయితే రెండింటికి.

ఇది సగటు లెక్క, అరగంట, ముప్పావుగంట అటూ ఇటూ అవుతుంది. పైన నల్లగొండ అమ్మకు చెప్పిన నవంబరు 8 సంగతే చూడండి. ఆ రోజు ఐదూ నలభైకి కొంచెం ముందు పొద్దుగూకింది, చవితికి ఎనిమిది గడియలు కలిపితే ఎనిమిదీ యాభై వస్తుంది. అసలు ఉదయించింది ఎనిమిదీ ఇరవైకి. చంద్రుడు ఒకే వేగంతో నడవడు, ఒకే దారిలోనూ రాడు, అందుకే ఈ తేడా. మంచె కాడికి ఎప్పుడు పోవాలో తేల్చుకోవడానికి మాత్రం ఈ లెక్క సరిపోతుంది.

చంద్రుడు ఉన్నంత మాత్రాన వెన్నెల చాలుతుందని అనుకోవద్దు. అష్టమి నాడు బింబం సగం కనిపిస్తుంది కదా, వెన్నెల కూడా పున్నమిలో సగం ఉంటుందనుకుంటాం. అంత ఉండదు, సుమారు పదో వంతే. సగం బింబం మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, అక్కడి గుంతల, గుట్టల నీడలు మనవైపు కనిపిస్తాయి, అందుకే అంత మసక. చేను ఆ చివరిదాకా కంటికి ఆనాలంటే శుక్ల ద్వాదశి నుంచి బహుళ తదియ దాకా ఉండే రాత్రులే నమ్మదగినవి. మిగతా రాత్రులు చంద్రుడు ఉన్నా చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు ఉండాల్సిందే, పాములతో ఆటలొద్దు.

అడగకపోయినా ఒక మాట చెప్తాను. పందుల కోసమని చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం పెట్టకండి. చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు, ఒక్కోసారి తీగ పెట్టినవాడే దానికి తగిలి చనిపోతున్నాడు. పంట పోతే మళ్లీ వేసుకోవచ్చు.

ప్రశ్న: పొద్దున ఎనిమిదింటికి బడికి పోతుంటే ఆకాశంలో చంద్రుడు కనిపించాడు. పగలు చంద్రుడు రావడం మంచిదేనా?
— పదో తరగతి విద్యార్థి, దేవరకొండ

మంచీ చెడూ ఏమీ లేదు తమ్ముడూ, ప్రతి నెలా జరిగేదే. నువ్వు చూసింది పడమటి వైపు అయి ఉండాలి, అది బహుళపక్షం అయి ఉండాలి. రాత్రి ఆలస్యంగా ఉదయించినవాడు పొద్దున ఆలస్యంగానే దిగుతాడు కదా. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ఉదయించి మధ్యాహ్నం అస్తమిస్తాడు. శుక్ల అష్టమి చంద్రుడు మధ్యాహ్నం ఉదయిస్తాడు కాబట్టి సాయంత్రం నాలుగింటికి బడి వదిలేటప్పుడు తూర్పువైపు చూడు, తెల్లగా కనిపిస్తాడు.

ప్రశ్న: 2025లో మహాలయ అమావాస్య సెప్టెంబరు 21న వచ్చింది, దుర్గాష్టమి 30న వచ్చింది. ఎంగిలిపూల నుంచి లెక్కపెడితే తొమ్మిది రోజులు కావాల్సింది పది అయ్యాయి. సద్దుల బతుకమ్మ ఎప్పుడాడాలని మా వాడకట్టులో పెద్ద చర్చే జరిగింది. ఇలా ఎందుకవుతుంది?
— ఒక గృహిణి, జడ్చర్ల

ఏ రోజు ఆడాలన్నది మీ ఊరి పెద్దలు, పంతుళ్లు తేల్చుకోవాల్సిన విషయం. పది రోజులు ఎందుకయ్యాయో మాత్రం చెప్తాను, ఇందులో పంచాంగం తప్పేమీ లేదు.

సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలమే ఒక తిథి. చంద్రుడు భూమి చుట్టూ తిరిగే దారి పూర్తి గుండ్రం కాదు. భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సుమారు 3 లక్షల 60 వేల కిలోమీటర్ల దూరంలో వేగంగా నడుస్తాడు, దూరంగా పోయినప్పుడు 4 లక్షల కిలోమీటర్లు దాటి నెమ్మదిస్తాడు. నడక వేగమైతే తిథి ఇరవై గంటల్లోనే అయిపోతుంది, నెమ్మదైతే ఇరవై ఆరు గంటలు కూడా దాటుతుంది. రోజుకు ఇరవై నాలుగు గంటలే కదా. పొడుగు తిథి ఒకటి ఒక సూర్యోదయానికి కొంచెం ముందు మొదలైతే, మర్నాటి సూర్యోదయం దాటాక గానీ పూర్తికాదు. అప్పుడు రెండు రోజులూ అదే తిథి అవుతుంది. ఆ సెప్టెంబరు చివరి వారంలో చంద్రుడు భూమికి దూరంగా ఉండి మెల్లగా నడిచాడు, అందుకే పాడ్యమికీ అష్టమికీ మధ్య ఒక రోజు పెరిగింది. వేగంగా నడిచే రోజుల్లో ఇందుకు భిన్నంగా ఒక తిథి ఏ సూర్యోదయానికీ అందకుండా పోతుంది, దాన్నే క్షయ తిథి అంటారు.

ఒకటి గమనించారా, ఎంగిలిపూల నాడు ఆకాశంలో చంద్రుడే ఉండడు. అష్టమి నాటికి బతుకమ్మలు పేర్చి చెరువు కట్టకు బయల్దేరే వేళకు దక్షిణాన, నడి ఆకాశానికి సగం ఎత్తులో, సగం చంద్రుడు సిద్ధంగా ఉంటాడు, అర్ధరాత్రి దాకా ఉంటాడు. లైట్లు లేని కాలంలో ఆడవాళ్లు ఆడిపాడి, నీళ్లలో వదిలి, సద్దులు పంచుకుని ఇంటికి చేరేదాకా ఆ వెన్నెల తోడుండేది. ఇప్పుడు కట్ట మీద ఫ్లడ్‌లైట్ల వెలుగులో చంద్రుణ్ణి పట్టించుకునే వాళ్లు తక్కువ. ఈసారి ఆడేటప్పుడు ఒక్కసారి తలెత్తి చూడండి.

ప్రశ్న: సూపర్‌మూన్ అని టీవీలో చెబితే చూశాం. ఉదయించేటప్పుడు చాలా పెద్దగా ఉంది, రెండు గంటల తర్వాత మామూలుగానే ఉంది. అంత తొందరగా చిన్నదైపోతుందా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

చిన్నది కాదు, అది మన కన్ను చేసే మాయ. 2025 కార్తీక పున్నమి (నవంబరు 5) సంగతే అయితే, ఆ ఏడాది పున్నముల్లో భూమికి అన్నిటికంటే దగ్గరగా వచ్చింది అదే, సుమారు 3 లక్షల 57 వేల కిలోమీటర్లు. బాగా దూరంగా ఉన్న పున్నమితో పోలిస్తే బింబం పద్నాలుగు శాతం దాకా పెద్దది. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే తప్ప కంటికి తెలియని తేడా అది.

ఉదయించేటప్పుడు పెద్దగా కనిపించడం ప్రతి పున్నమికీ ఉంటుంది. కాగితం చుట్టి సన్నని గొట్టం చేసి అందులోంచి చూడండి, చెట్లు, ఇళ్లు కనిపించకుండా పోయేసరికి ఆ పెద్దతనం కూడా పోతుంది. నిజానికి నెత్తిమీదికి వచ్చినప్పుడే చంద్రుడు మనకు భూమి వ్యాసార్థం అంత, ఆరు వేల కిలోమీటర్ల పైన, దగ్గరగా ఉంటాడు. ఎర్రగా కనిపించడానికి మాత్రం కారణం గాలే. అడ్డంగా వచ్చే వెలుతురు ఎక్కువ గాలి, దుమ్ము దాటి రావాలి, నీలం దారిలోనే చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది.

ప్రశ్న: మా బడి పిల్లలతో ఒక నెలంతా చంద్రుణ్ణి గమనింపజేయాలని ఉంది. ఏమేం రాయించాలి?
— సైన్స్ టీచర్, మహబూబ్‌నగర్

ఈ ఉత్తరం చూసి నిజంగా సంతోషం వేసింది. అమావాస్య అయిన రెండో రోజు మొదలుపెట్టండి. పిల్లలు తమ ఇంటి దగ్గర ఒకే చోట నిలబడి, రోజూ సాయంత్రం ఏడింటికి చంద్రుడు ఎక్కడున్నాడో గీయాలి. పక్కన తేదీ, తిథి, దిక్కు, ఎన్ని పిడికిళ్ల ఎత్తు అన్నది రాయాలి. రోజుకు పదమూడు డిగ్రీల దాకా, అంటే పిడికిలి కంటే కాస్త ఎక్కువ, తూర్పుకు జరగడం వారంలోనే వాళ్లకు తెలిసిపోతుంది. పున్నమి రోజు సూర్యాస్తమయాన్నీ చంద్రోదయాన్నీ ఒకే చోట నుంచి చూపించండి, చదువులో చెప్పే ఎదురెదురు అన్న మాట అప్పుడు అర్థమవుతుంది. 2026 ఫాల్గుణ పున్నమి (మార్చి 3) ఇందుకు మంచి ఉదాహరణ. ఆ రోజు మన జిల్లాల్లో సాయంత్రం ఆరుంపావు దాటాక చంద్రుడు గ్రహణంతోనే ఉదయిస్తాడు, 6:47కు గ్రహణం విడుస్తుంది. దీన్నే పంచాంగాల్లో గ్రస్తోదయం అంటారు. భూమి నీడ చంద్రుడి మీద పడాలంటే సూర్యుడూ చంద్రుడూ భూమికి సరిగ్గా అటొకరు ఇటొకరు ఉండాలి కదా, అందుకే ఇటు సూర్యుడు దిగే వేళకే అటు చంద్రుడు లేస్తాడు.

బహుళపక్షం వచ్చాక సాయంత్రం చంద్రుడు దొరకడు, అప్పుడు పొద్దున ప్రార్థన వేళకు పడమర చూపించండి.

చంద్రుడు ఉదయించే చోటు కూడా గుర్తుపెట్టించండి. సూర్యుడు ఉత్తరం నుంచి దక్షిణానికి జరగడానికి ఆరు నెలలు తీసుకుంటే చంద్రుడు ఆ పని రెండు వారాల్లో చేసేస్తాడు. ఈ మధ్య ఏళ్లలో ఆ ఊపు చాలా పెద్దది, తూర్పుకు అటు ముప్పై, ఇటు ముప్పై డిగ్రీల దాకా. 18.6 ఏళ్లకు ఒకసారి 2024-25లోలాగా ఇది గరిష్ఠానికి వస్తుంది. దీనివల్ల మన ప్రాంతంలో ఒక వింత చూడొచ్చు. మార్గశిర, పుష్య పున్నములకు అర్ధరాత్రి చంద్రుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి వెళ్తాడు, వెన్నెల్లో మన నీడ దక్షిణం వైపు పడుతుంది. జ్యేష్ఠ పున్నమికి అర్ధరాత్రి కూడా దక్షిణాన సగం ఎత్తు దాటడు. కుదిరితే నక్షత్రాలు కూడా పరిచయం చేయండి. కార్తీకంలో పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలకు ఆ పేరు. కృత్తికల దగ్గరున్నవాడు మళ్లీ అక్కడికి రావడానికి 27 రోజుల 8 గంటలు పడుతుంది, 27 నక్షత్రాల లెక్క పిల్లలకు అక్కడ తగులుతుంది.

ప్రశ్న: రంజాన్ నెలవంక కొన్నిసార్లు కొమ్ములు రెండూ పైకి పెట్టి పడుకున్నట్టు, కొన్నిసార్లు పక్కకు ఒరిగి ఉంటుంది. మా నానీ ఒరిగిన తీరును బట్టి వానలు చెప్పేది. అందులో నిజముందా?
— ఒక పాఠకురాలు, నల్లగొండ

వానలకూ దానికీ సంబంధం లేదు కానీ మీ నానీ చూపు మాత్రం నిజమే, ఒరగడం ఏడాది పొడవునా మారుతుంది. ఫిబ్రవరి, మార్చి సాయంత్రాల్లో చంద్రుడు సూర్యుడు దిగిన చోటికి దాదాపు నిట్టనిలువుగా పైన ఉంటాడు, వెలుతురు కింది నుంచి పడుతుంది, కొమ్ములు రెండూ సమానంగా పైకి ఉంటాయి. ఆగస్టు, సెప్టెంబరులో సూర్యుడు దిగిన చోటికి ఎడమగా, దక్షిణానికి జరిగి ఉంటాడు కాబట్టి పక్కకు ఒరిగినట్టు కనిపిస్తాడు. మన పాత జ్యోతిష గ్రంథం సూర్యసిద్ధాంతంలో శృంగోన్నతి పేరుతో దీనికి ఒక అధ్యాయమే ఉంది. రంజాన్ నెల ఏడాదికి సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఒక్కో వయసులో ఒక్కో తీరు నెలవంక చూస్తాం.

చూడాలనుకుంటే మాత్రం ఆలస్యం చేయకండి. మొదటి నెలవంక పొద్దుగూకాక గంటలోపే దిగిపోతుంది. పడమర అడ్డం లేని చోట, సూర్యుడు దిగిన ఇరవై ముప్పై నిమిషాల మధ్య వెతకండి.